మూడు మాలల అన్నం

పెన్న ఒడ్డున, గుట్ట కింద, కాశప్ప తాత మఠంలో ఒక రోజు అన్నం ఉడకలేదు. మరుసటి రోజూ ఉడకలేదు. మూడో రోజు పంక్తిలో కూర్చున్న బండివాళ్ళు మెతుకులు పటపటా నములుతుంటే, వంటశాల గుమ్మంలో నిలబడ్డ తిప్పన్నకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎనిమిదేళ్ళుగా ఆ మఠంలో వంట తిప్పన్నదే. ఒక్క పూట అన్నం చెడింది లేదు. వంటశాలలో గడియారం లేదు, ఉన్నా అతను దానివంక చూసేవాడు కాదు. అతని గడియారం చేతిలోనే ఉండేది, నూట ఎనిమిది పూసల రుద్రాక్షమాల. ఎసరు మరిగాక బియ్యం పోసి మాల అందుకునేవాడు. "ఓం నమశ్శివాయ" అంటూ మూడు మాలలు తిరిగేసరికి మెతుకు మెత్తబడేది. గంజి వార్చి, గుండిగకు మూత పెట్టి, మూత మీద బరువుకు రాయి పెట్టి, నిప్పుల మీద ఉంచి ఇంకొక మాల. ఆ ఒక్క మాలలో లోపలి ఆవిరికే అన్నం చక్కగా ఉమ్మగిలేది.

మొదట్లో మెతుకు పట్టి చూసేవాడు. ఎన్నడూ తప్పకపోయేసరికి ఆ చూడటం కూడా మానేశాడు. జపం చేసే చెయ్యి ఎంగిలిపనులకు ఎందుకని గరిటె ఎడమచేతికి మార్చాడు. పేరు పెట్టినప్పుడు వాళ్ళ నాయన ఏమనుకున్నాడో గానీ, తిప్పన్న ఎప్పుడు చూసినా తిప్పుతూనే ఉంటాడని బండివాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

అసలు సంగతి ఎక్కడ మొదలైందంటే, మఠానికి వచ్చిన కొత్తలో తిప్పన్న తాత కాళ్ళు పట్టుకుని "నాకు ఉపదేశం ఇయ్యి తాతా" అని అడిగాడు. ఉపదేశమంటే గురువు చెవిలో చెప్పే మాట. ఆ ఒక్క మాట కోసమే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాడు. తాత అతని వీపు నిమిరి, "జపం పండనీ నాయనా, చెప్తాను" అన్నాడు.

పండటమంటే ఎంత? తాతను అడగడానికి నోరు రాక, పెద్ద శిష్యుడు విరూపాక్షయ్యను అడిగాడు. విరూపాక్షయ్య గడ్డం దువ్వుకుని, "కోటి" అన్నాడు. ఆయనకు మాత్రం తెలుసా పాడా! అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పకపోతే పెద్దరికం నిలవదు గదా.

తిప్పన్న మాత్రం దాన్ని వేదవాక్కు అనుకున్నాడు. రోజుకు ముప్పై మాలలు. రోజుకొక గీత, వంటశాల గోడ మీద, బొగ్గుతో. ఎనిమిదేళ్ళకు గోడ ఒక పక్కంతా నల్లగా అయిపోయింది. మరి అయిదు లక్షలు తిప్పితే కోటి పూర్తి. ఈ లెక్కన దసరాకు అయిపోతుందని సంబరపడుతూ ఉన్నాడు.

అప్పుడు, వైశాఖం మొదట్లో, కాశప్ప తాత అందరినీ పిలిచి చెప్పాడు. "ఈ గురుపూర్ణిమకు చెవిలో చెప్పాల్సినోళ్ళకు చెప్పేస్తాను. ఆ తర్వాత అడగొద్దండి. నాకు ఊపిరి చాలడం లేదు."

తిప్పన్న లెక్క వేసుకున్నాడు. గురుపూర్ణిమ అంటే రెండున్నర నెలలు. రోజుకు అరవై తిప్పితే గానీ కోటి కాదు. మొదట నిద్ర తగ్గించుకున్నాడు. అది చాలక మాటలు తగ్గించుకున్నాడు. అదీ చాలక మాల వేగం పెంచాడు. "ఓం నమశ్శివాయ" కాస్తా "ఓన్నశ్శాయ" అయింది. ఆ పైన పెదవి మీద వట్టి వణుకు మిగిలింది. పూసలు గిరగిర తిరుగుతుంటే, ఎన్నడూ లేని ఏకాగ్రత కుదిరిందని తిప్పన్న లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

అన్నం పలుకుగా దిగడం మొదలైంది ఆ రోజుల్లోనే.

"బియ్యం బాగా పాతవి తాతా" అన్నాడు తిప్పన్న. తాత వేరే బియ్యం తెప్పించాడు.

"కట్టెలు పచ్చివి తాతా, మంట నిలవడం లేదు." ఎండిన తుమ్మకట్టెలు వచ్చాయి.

"బావిలో నీళ్ళు ఉప్పగా మారినాయి తాతా. ఉప్పునీళ్ళకు ఏం ఉడుకుతుంది?" పెన్న ఇసుకలో చెలమ తవ్వించి, తీపినీళ్ళు కావడితో మోయించాడు తాత. అన్నం మాత్రం మళ్ళీ పలుకే.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట" అన్నాడు విరూపాక్షయ్య, అందరికీ వినపడేటట్టు.

కాశప్ప తాత మాత్రం తన విస్తట్లో పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. ఒక్కొక్క ముద్దా నమిలి నమిలి, అందరూ లేచి చేతులు కడుక్కున్నాక కూడా ఆయన ఇంకా తింటూనే ఉండేవాడు.

పంక్తిలో చిట్టచివర చౌడమ్మవ్వ కూర్చునేది. తెల్లవారుజామున మఠం వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది ఆమే. నోట్లో ఒక్క పన్ను లేదు. రోజూ తిని లేచి, వంటశాల గుమ్మం దగ్గర ఆగి తిప్పన్నతో ఏదో ఒక మాట అనేది. తిప్పన్న మాల మీద ఉండేవాడు కాబట్టి ఊరికే తల ఊపేవాడు. ఆమె ఏమంటోందో ఎన్నడూ చెవిన పెట్టలేదు. అన్నం చెడినప్పటి నుంచి అవ్వ విస్తట్లో తినడం మానేసి, గిన్నెలో పెట్టించుకుని "ఇంటికాడ తింటాలే" అని పోతోంది. పోతూ గుమ్మం దగ్గర ఆగి ఆ మాట అనడం మాత్రం మానలేదు.

అలా పది రోజులు గడిచాక, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక తాత తిప్పన్నను పిలిచి, "అవ్వకు చెంబెడు మజ్జిగ ఇచ్చి రా నాయనా" అన్నాడు.

వాగు దాటితే అవ్వ గుడిసె. పోతూ వస్తూ నాలుగు మాలలు కలిసొస్తాయి కదా అని తిప్పన్న సంతోషంగానే బయలుదేరాడు.

గుడిసె బయట మూడు రాళ్ళ పొయ్యి పొగలు కక్కుతోంది. అవ్వ ఊదుగొట్టంతో ఊదుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. పొయ్యి మీద సత్తుగిన్నె. గిన్నెలో తెల్లగా ఏదో కుతకుతమంటోంది.

"ఏం వండుతాండావవ్వా?"

అవ్వ ఉలిక్కిపడి కొంగుతో గిన్నె కప్పబోయింది. కుతకుత ఉడికే గిన్నెకు కొంగు అడ్డమా! చెయ్యి చురుక్కుమంది. వేళ్ళు నోట్లో పెట్టుకుని, "ఏం లేదు నాయనా. రవ్వంత మెత్తగ చేసుకుంటాండాను" అంది.

తిప్పన్న వంగి చూశాడు. మధ్యాహ్నం తన చేత్తో పెట్టిన మఠం అన్నమే.

"రోజూ ఇట్లనేనా అవ్వా? ఉడకలేదని ఆడనే చెప్పొచ్చు గదా!"

"నలుగుర్లో చెప్తే నీ మొగం చిన్నబోదా?" అంది అవ్వ. పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. "ఎనిమిదేండ్లు నా బోసినోటికి తగినట్టు మెత్తగ పెట్టినావు. నన్ను కన్న తల్లి గూడ అన్నేండ్లు పెట్టలేదు, నా చిన్నప్పుడే పాయె. పది దినాలు గట్టిగ పెట్టినావని కోపం చేసుకుంటానా? పొయ్యి నాకూ ఉంది."

మజ్జిగ చెంబు కింద పెట్టి తిప్పన్న వెనక్కి తిరిగాడు. దారి పొడుగునా మాల చేతిలోనే ఉంది గానీ వేలు కదల్లేదు.

మరునాడు పొద్దున్నే పోయి తాత ముందు కూలబడ్డాడు.

"తాతా, బియ్యం మార్చినాం, కట్టెలు మార్చినాం, నీళ్ళు మార్చినాం. మాలలు మాత్రం ఎప్పుడూ మూడే. ఒక్క పూస తగ్గించలేదు, నీ పాదాల మీద ఆన. నేను ఇంక వంటకు పనికిరాను. ఇంకెవరినన్నా పెట్టుకో."

ఆ మాటలో బాధ ఎంతో, వంట తప్పితే జపానికి తీరిక దొరుకుతుందన్న ఆశ ఎంతో తిప్పన్నకే తెలియాలి.

తాత చెయ్యి చాపాడు. "నీ మాల ఇట్ల ఇయ్యి."

మాల తీసుకుని, కట్టె ఊతంగా లేచి వంటశాలకు నడిచాడు. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, "ఎసరు పెట్టు" అన్నాడు. ఎసరు మరిగింది. తిప్పన్న బియ్యం పోశాడు. తాత మొదటి పూస మీద వేలు పెట్టాడు.

ఓం నమశ్శివాయ. ఒక పూస జరిగింది.

ఓం నమశ్శివాయ. రెండో పూస.

తిప్పన్నకు వేళ్ళు దురద పెట్టాయి. తాత పది పూసలు జరిపేసరికి తానైతే ఇరవై దాటేసేవాడు. ఆ పూసను కొంచెం ముందుకు తోస్తే ఏం పోయిందయ్యా అని లోపల ఒకటే గింజులాట. తాత కళ్ళు మూసుకోనూ లేదు. గుండిగ వంక చూస్తూ, పక్కన కూర్చున్న మనవడితో ఏదో చెప్పుకుంటున్నట్టు తిప్పుతున్నాడు.

మొదటి మాల తిరిగేసరికి తిప్పన్నకు ప్రాణం విసిగిపోయింది. చేసేదేమీ లేక రెండో మాలలో పొయ్యి వంక చూశాడు. ఇందాక గలగలమన్న నీళ్ళు ఇప్పుడు గొణుగుతున్నాయి. గింజలు అడుగు నుంచి పైకి వచ్చి మళ్ళీ మునుగుతున్నాయి. మూడో మాలలో ఉడుకు వాసన లేచింది. ఎనిమిదేళ్ళుగా కూర్చున్న చోటే అది. ఉడికే అన్నానికి ఇంత కమ్మని వాసన ఉంటుందన్న సంగతే అతను మరిచిపోయాడు.

తాత మాల ఒళ్ళో పెట్టుకున్నాడు. "మెతుకు పట్టి చూడు."

తిప్పన్న గరిటెతో ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కాడు. వెన్నలా నలిగింది. మెతుకు వంక చూశాడు, మాల వంక చూశాడు.

"మూడే తిప్పినావా తాతా?"

"మూడే."

తిప్పన్న చెయ్యెత్తి గోడ మీది బొగ్గు గీతలు చూపించాడు. "మరి ఇదంతా..."

తాత గోడ వంక చూడనైనా చూడలేదు. "కోటి అని నేనన్నానా నాయనా?"

"విరూపాక్షన్న చెప్పినాడు."

"అట్లయితే చెవిలో మాట గూడ వాన్నే చెప్పమను" అని తాత మాల తిరిగి ఇచ్చేసి లేచాడు. "గంజి వార్చు. అవ్వ వచ్చే యాళయింది."

ఆ పూట చౌడమ్మవ్వ విస్తట్లోనే తింది.

ఇక చూడండి తిప్పన్న అవస్థ! గురుపూర్ణిమకు ఇరవై రోజులుంది. కోటికి ఇంకా లక్షా ఇరవై వేలు తక్కువ. పరుగెత్తితే ఆఖరి రోజుకు అందుకోవచ్చు. నిదానంగా తిప్పితే కోటి కాదు, కోటి లేకుండా చెవిలో మాట అడగడానికి అతనికి మొహం చెల్లదు. తాత ఇంకో ఏడు ఉంటాడో ఉండడో. పరుగెత్తితే మాత్రం అవ్వ మళ్ళీ పొయ్యి ఊదుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజంతా అన్నం ముద్ద దిగలేదు పాపం.

పూర్ణిమకు ముందు మఠానికంతా సున్నం కొట్టారు. వంటశాల గోడకు తానే కొడతానని తిప్పన్న కుంచె అందుకున్నాడు. కొడుతూ ఏడ్చాడు. అందులో సిగ్గుపడేదేముంది, ఎనిమిదేళ్ళ కష్టం. సాయంత్రానికి గోడ తెల్లబడింది. మాలను కొయ్యకు తగిలించి, గరిటె కుడిచేతికి మార్చుకున్నాడు.

నామం మానలేదు సుమా. బియ్యం కడిగేటప్పుడు ఒకటి, ఎసరు పొంగేటప్పుడు ఒకటి, ఎప్పుడు వస్తే అప్పుడు నోటికి వచ్చేది. మెతుకు పట్టి చూసి గంజి వార్చేవాడు. మూత మీద రాయి పెట్టాక మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. ఆ కాసేపూ మొదట్లో మహా ఇబ్బందిగా ఉండేది. పోను పోను దానికోసమే వంట చేస్తున్నట్టు ఉండేది.

గురుపూర్ణిమ వచ్చింది. మూడు వందల మంది జనం. తాత గది ముందు ఉపదేశం తీసుకునేవాళ్ళు బారులు తీరారు. విరూపాక్షయ్య హడావుడిగా తిరుగుతూ వంటశాలలోకి తొంగిచూశాడు.

"ఏమి తిప్పన్నా, వరసలోకి రాలేదే? కోటి అయిందా?"

"కాలేదన్నా."

"అయ్యో! ఇంకెంత తక్కువ?"

"తెలీదన్నా. గోడకు సున్నం కొట్టేసినా."

విరూపాక్షయ్య పెదవి చప్పరించి పోయాడు. తిప్పన్నకు బాధగానే ఉంది. లేదంటే అబద్ధం. ఇంత దూరం నడిచొచ్చి గుమ్మం బయట నిలబడిపోయినట్టుంది. కళ్ళు తుడుచుకుని నాలుగు గుండిగలూ గంజి వార్చాడు. మూతలు, వాటి మీద రాళ్ళు పెట్టి, నిప్పులు సర్ది కూర్చున్నాడు.

బయట జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఆకలి మీదున్నారు, ఒకటే గోల. విరూపాక్షయ్య కేక వేశాడు. "ఏం తిప్పన్నా, వార్చినావు గదా! జనం ఎదురుచూస్తాండారు, మూత తీ!"

ఎంతైనా పెద్ద శిష్యుడి మాట. తిప్పన్న చెయ్యి రాయి మీదకు పోయింది. ఇంకొక చెయ్యి వచ్చి దాని మీద పడింది. బక్కపలచటి ముసలి చెయ్యి.

కాశప్ప తాత!

"తాతా, నువ్వు ఈడికెందుకొస్తివి? గదికాడ జనమంతా..."

"కూర్చో" అన్నాడు తాత. తానూ కూర్చున్నాడు.

ఇద్దరూ గుండిగ వంక చూస్తూ కూర్చున్నారు. నిప్పులు చిటపటమన్నాయి. మూత అంచు నుంచి సన్నటి ఆవిరి లేచింది. ఈ బియ్యం ఏ ఊరివో, ఎవరు నాటారో, ఏ ఎద్దులు మోసుకొచ్చాయో అనిపించింది తిప్పన్నకు. వేసవి ఎండలో చెలమ నీళ్ళు కావడితో మోసినవాళ్ళు గుర్తొచ్చారు. కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకున్న అవ్వ గుర్తొచ్చింది. ఆ తర్వాత, ఇదిగో, పక్కనే కూర్చున్న ఈ ముసలాయన. ఊపిరి చాలని మనిషి. పది రోజులు ఆ పలుకు మెతుకులు నమిలాడు. ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళూ ఇంతమంది తనకు పెడుతూ వచ్చారు, తానేమో తానే అందరికీ పెడుతున్నానని అనుకున్నాడు. తిప్పన్నకు కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పుడు తాత పక్కకు వంగాడు. చెయ్యి అడ్డం పెట్టి, తిప్పన్న కుడిచెవిలో, ఎవరికీ వినపడకుండా, ఒకే మాట చెప్పాడు.

"ఉమ్మగిలనీ."

చెప్పి, కట్టె పట్టుకుని లేచి తన గదికి పోయాడు.

తిప్పన్న చాలాసేపు కదల్లేదు. విరూపాక్షయ్య మరో రెండు కేకలు వేశాడు. వేస్తే వేశాడు. తర్వాత తిప్పన్న మెల్లగా లేచి, రాయి దించి, మూత తీశాడు. ఆవిరి వంటశాల నిండా కమ్ముకుంది. మెతుకు మెతుకూ విడివిడిగా, మెత్తగా, తెల్లగా ఉంది. గంపకెత్తి వడ్డనకు బయలుదేరాడు.

పంక్తి మధ్యలో విరూపాక్షయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "తాత నీ చెవిలో ఏందో చెప్పినాడంట! కోటి కాకుండానే చెప్పినాడా? ఏం చెప్పినాడు?"

"జరుగన్నా" అన్నాడు తిప్పన్న. "అవ్వకు వడ్డించాల."

భోజనాలు అయ్యాయి. చౌడమ్మవ్వ చెయ్యి కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని, ఎప్పటిలాగే వంటశాల గుమ్మం దగ్గర ఆగింది. కొయ్యకు వేలాడుతున్న మాలను చూసింది.

"ఈ పొద్దు ఎన్ని మాలలకు ఉడికింది నాయనా?"

"ఏమో అవ్వా, చూసుకోలేదు."

అవ్వ బోసినోటితో నవ్వింది. "నీ చెయ్యి సల్లగుండ" అంది.

ఎనిమిదేళ్ళుగా రోజూ ఆమె అంటున్న మాట అదేనని తిప్పన్నకు ఆ రోజు తెలిసింది.